48తో గుణించాకే కత్తి పట్టు

చిరంజీవి వంశీకి ఆశీస్సులు.

మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కిట్‌లో కాక్‌పిట్ మరీ బోసిగా ఉందని, రెసిన్ సెట్టు (విడిగా అమ్మే పోత ముక్కలు) తెప్పించాలా లేక చేత్తో చేసుకోవాలా అని అడిగావు. నీది 1/48 స్కేలు, అంటే అసలు దాంట్లో 48వ వంతు, కాబట్టి చేత్తోనే చెయ్యి. 1/72 అయితే ఇంకోలా చెప్పేవాణ్ణి. 1/48లో రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 149 మిల్లీమీటర్లు వస్తుంది. అసలు విమానానిది 7.15 మీటర్లు. చూసేవాడి కన్ను నిలిచేది మూడు చోట్లే: కాక్‌పిట్, చక్రాల గూళ్ళు, ఇంజన్ మంట బయటికొచ్చే తోక గొట్టం. మిగతా చోట్ల పడే శ్రమలో సగం వృథా.

ముందు నీది ఏ మిగ్-21 అన్నది తేల్చుకో. మన వాయుసేన వాళ్ళు టైప్ 77 అనే ఎఫ్‌ఎల్‌కి పందిరి (పైలట్ తల మీది అద్దపు కప్పు) ముందు అద్దంతో కలిసి ఒకే ముక్క, ముందు వైపు కీలు మీద లేస్తుంది. టైప్ 96 అనే ఎం, ఆ తర్వాత వచ్చిన బిస్ రకాల్లో ముందు అద్దం విడిగా ఉండిపోతుంది, పందిరి మాత్రం కుడి పక్కకి తెరుచుకుంటుంది. సీట్లు కూడా వేరు: ఎఫ్‌ఎల్‌లో ఎస్‌కే, తర్వాతి వాటిలో కేఎం-1. ఎఫ్‌ఎల్ ఒంట్లో కేఎం-1 సీటు పెడితే ఎంత ముచ్చటగా చెక్కినా తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు.

ఫోటోల విషయంలో రెండు జాగ్రత్తలు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21కి వీడ్కోలు చెప్పినప్పుడు దగ్గరి ఫోటోలు బోలెడు వచ్చాయి. చక్రాన్ని మోసే కాలు, చక్రం, ఒంటి అతుకుల కోసం అవి బంగారం. కానీ అవి బైసన్‌వి, అంటే బిస్‌నే ఆధునికం చేసిన రకానివి. బైసన్ కాక్‌పిట్‌లో తెరలు, హెడ్-అప్ డిస్‌ప్లే (పైలట్ కళ్ళ ఎదుటి అద్దం మీద వివరాలు చూపేది) చేరాయి, వాటిని చూసి పాత రకానికి ప్యానెల్ చెయ్యకు. ఇక ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఉన్న ఎఫ్‌ఎల్ లాంటివి ఆకారం, కొలత కోసం చూడు. ఎక్కడైనా ప్రదర్శనకి పెట్టిన విమానాలకి ఏళ్ళ తరబడి రంగు మీద రంగు పడుతుంది, గూళ్ళలో గొట్టాలు ఊడిపోతాయి, కాక్‌పిట్లో గడియారాలు (గుండ్రటి మీటర్లు) మాయమవుతాయి. వాటి రంగుల్ని, ఖాళీల్ని నమ్మవద్దు.

ఇప్పుడు అసలు లెక్క. ఏ ముక్క అంటించబోయినా దాని మందాన్ని 48తో గుణించు. 0.13 మిల్లీమీటర్ల స్టైరీన్ ప్లాస్టిక్ షీటు అసలు విమానంలో 6 మిల్లీమీటర్లు. 0.25 షీటు 12, 0.5 షీటు 24. కిట్‌లో వచ్చే చక్రం తలుపు మిల్లీమీటరు మందం ఉందనుకో, అది 48 మిల్లీమీటర్ల రేకన్న మాట, ఇనప్పెట్టె తలుపులా ఉంటుంది! దాన్ని మొత్తం అరగదీయనక్కర్లేదు, అంచుల దగ్గర లోపలి వైపు ఏటవాలుగా గీకితే చాలు, కంటికి పల్చగానే కనిపిస్తుంది. కొత్తగా తలుపు చెయ్యాలంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకు తీసుకో. సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, కత్తెరతో తెగుతుంది. ఒక తలుపుకి అసలు రేకు, ఇంకో తలుపుకి గీకిన ప్లాస్టిక్ పెడితే జత కుదరదు. రెండూ ఒకేలా చెయ్యి.

సామాను కోసం పెద్దగా ఖర్చు పెట్టకు. స్టైరీన్ షీటు 0.13, 0.25, 0.5 మూడు మందాల్లో ఒక్కొక్కటి కొను. అడుగున 6 అంకె, పీఎస్ అక్షరాలు ఉన్న పెరుగు కప్పులు కూడా స్టైరీనే, మోడల్ సిమెంటు (ప్లాస్టిక్‌ని కరిగించి అతికే జిగురు) వాటిని చక్కగా పట్టుకుంటుంది. 5 అంకె ఉన్నవి పాలీప్రొపిలీన్, వాటిని ఏ జిగురూ సరిగ్గా పట్టదు, పారెయ్. పాత ఏటీఎం కార్డు, ఐడీ కార్డు లాంటివి పీవీసీ, సిమెంటుతో అంటవు. ఫెవీక్విక్ వాడితే ఏదో సర్దుకుపోవచ్చు. తీగల కోసం కోఠీ గుజరాతీ గల్లీలో వైండింగ్ వైరు అడుగు: 22, 26, 36 గేజులు. వరసగా 0.71, 0.46, 0.19 మిల్లీమీటర్లు. 48తో గుణిస్తే 34, 22, 9 మిల్లీమీటర్ల గొట్టాలు. చక్రాల గూడుకి ఈ మూడు సైజులు చాలు. 11 నంబరు సర్జికల్ బ్లేడ్లు, 18, 21, 26 గేజి సూదులు మెడికల్ షాపులో దొరుకుతాయి.

కాక్‌పిట్ పక్క గోడలతో మొదలుపెట్టు. ఇక్కడే ఎక్కువమంది మునుగుతారు, ఎందుకంటే గోడ మీద చేర్చే ప్రతిదీ ఇంకో పొరే. 0.13 షీటు, దాని మీద 0.25 పట్టీలు, వాటి మీద 0.3 తీగ. ఒక గోడకి 0.7 దాకా వచ్చింది, రెండు గోడలకి 1.4. కాక్‌పిట్ తొట్టి అంత మేర ఇరుకవుతుంది, లేదా ఒంటి రెండు సగాలు మూసుకోవు. ముక్కు దగ్గర అతుకులో సందు వస్తే పుట్టీతో కప్పుతారు, అప్పుడు ఒళ్ళు గుండ్రం తప్పుతుంది. అందుకని ముందే ఒంటి గోడ లోపలి వైపు గీకి పల్చన చెయ్యి. గోడ వెనక దీపం పెట్టి చూడు, వెలుతురు కనిపించడం మొదలైతే ఆపు. ప్రతి పొర అంటించిన తర్వాత రెండు సగాలు టేపుతో బిగించి, సీటు తొట్టి దించి చూడు. అయిదు నిమిషాల పని, దీన్ని ఎగ్గొట్టవద్దు.

పట్టీలు కోయడానికి స్టీలు స్కేలు కింద ఇసుక కాగితం అంటించు, జారదు. 0.13 షీటు ఒక్క గీతకి తెగుతుంది. 0.5 షీటుని రెండు మూడు తేలిక గీతలు పెట్టి విరువు. గట్టిగా నొక్కి ఒక్కసారే కోస్తే అంచు లేచి వంగిపోతుంది. సిమెంటు బ్రష్‌లో ఉన్నదంతా వదలకు. 0.13 షీటు మీద ఎక్కువైతే ముక్క కరిగి మైనంలా ముడుచుకుంటుంది, ఒక్కోసారి మర్నాటికి గానీ ముడుచుకోదు. బ్రష్ సీసా మూతికి తుడిచి, అతుకు అంచుకి తాకిస్తే సిమెంటు తనంతట తానే లోపలికి పాకుతుంది.

ప్యానెల్‌కి శాండ్‌విచ్ పద్ధతి వాడు. గడియారాలు నిజంలో 60 నుంచి 80 మిల్లీమీటర్ల వ్యాసంలో ఉంటాయి, మన స్కేల్లో 1.25 నుంచి 1.67. ప్యానెల్ ఆకారం ముందు కోసి తర్వాత బెజ్జాలు పెడితే అంచులు చీలిపోతాయి. పెద్ద ముక్క మీదే గీతలు గీసి, బెజ్జాలన్నీ పెట్టాక ఆకారం కొయ్యి. 0.25 షీటు కింద పనికిరాని 0.5 ముక్క పెట్టి 0.8 డ్రిల్ బిట్‌తో మొదలుపెట్టు, గుండ్రటి సూది ఆకురాయితో కొలతకి వచ్చే దాకా పెద్దది చెయ్యి. బెజ్జాల షీటుకి రంగు వేసి, వెనక అచ్చు వేసిన డయళ్ళ కాగితం అంటించి, ఒక్కో బెజ్జంలో మెరుపు వార్నిష్ చుక్క వదిలితే గాజు పడినట్టే. చిన్న బటన్లు, ప్లగ్గులకి 18 గేజి సూది మొన గ్రైండ్ చేసి సమం చెయ్యి, అంచు బయటి వైపు నుంచి పదును పెట్టి 0.13 షీటు మీద నొక్కు. సుమారు 0.84 మిల్లీమీటర్ల బిళ్ళ ఊడిపడుతుంది. లోపల ఇరుక్కుంటే సన్న తీగతో తోసెయ్యి.

ప్యానెల్ మీద ఒక తెల్లటి నిలువు గీత ఉంటుంది, దాన్ని మర్చిపోకు. విమానం స్పిన్‌లో పడ్డప్పుడు, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడేటప్పుడు, పైలట్ స్టిక్‌ను నడిమికి తేవడానికి గురి చూసేది ఆ గీతనే. 0.3 వెడల్పు డెకాల్ (నీళ్ళలో తడిపి అంటించే అచ్చు బొమ్మ) ముక్కతో వేస్తే నిటారుగా వస్తుంది. స్టిక్‌కి ముందు వైపు సన్న తీగతో చిన్న లీవరు పెట్టు, అది చక్రాల బ్రేకుది. మిగ్-21 బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. అందుకే చక్రాన్ని మోసే కాలి వెంబడి చక్రం దాకా ఒక గొట్టం పోతుంది, అక్కడ 0.3 తీగ వెయ్యి.

సీటు బెల్టులకి మాస్కింగ్ టేపు చాలు. అసలు బెల్టు వెడల్పు 45 మిల్లీమీటర్ల లెక్కన 0.94, అంటే మిల్లీమీటరు కంటే ఏ మాత్రం వెడల్పు కొయ్యకు. బకిల్‌కి 36 గేజి తీగ వంచు. టేపు జిగురు ఏడాది తిరక్కుండానే వదిలేస్తుంది కాబట్టి, సీటు మీద వాలుగా పడుకోబెట్టాక నీళ్ళు కలిపిన ఫెవికాల్ బ్రష్‌తో పులుము. బెల్టు కొస గాల్లో నిటారుగా నిలబడకూడదు, దానికీ బరువుంటుంది కదా!

చక్రాల గూడులో క్రమం ముఖ్యం: ముందు నేల, గోడలు, తర్వాత పక్కటెముకలు, తర్వాత లావు గొట్టాలు, చివర సన్నవి. పక్కటెముకలు అయ్యాక గూటికి రంగు వేసెయ్. తీగలకి విడిగా రంగు వేసి తర్వాత దించు, లేకపోతే వాటి వెనక బ్రష్ పోదు. వైండింగ్ వైరు మీద ఎనామెల్ పూత ఉంటుంది, దాని మీద రంగు గోటితో గీస్తే ఊడొస్తుంది. ముందు ఇసుక కాగితం మధ్య పెట్టి లాగు. తీగ నిటారు కావాలంటే ఒక కొస పటకారులో బిగించి, ఇంకో కొస మెల్లగా సాగే దాకా లాగు, బాణంలా అవుతుంది. మూడు గొట్టాలు పక్కపక్కన పోతున్న చోట మూడింటినీ టేపు మీద ఒకటిగా పరిచి, డ్రిల్ బిట్ కాడ చుట్టూ ఒకేసారి వంచు. విడివిడిగా వంచితే మలుపులు కుదరవు. వంటింటి ఫాయిల్‌తో అర మిల్లీమీటరు పట్టీలు కోసి, నాలుగైదు చోట్ల క్లాంపులుగా చుట్టు. అసలు గొట్టం ఏదో ఒక గోడని, పక్కటెముకని పట్టుకునే పోతుంది, ఊరికే గాల్లో అడ్డంగా దాటదు. ఇది పట్టించుకోని వాళ్ళ గూళ్ళు సేమియా గిన్నెల్లా ఉంటాయి.

తోక గొట్టం కిట్‌లో పొట్టిగా, మధ్యలో అతుకుతో వస్తుంది. 0.25 షీటు గొట్టం లోపలి కొలతకి సరిపడే పెన్నుకి చుట్టి, టేపుతో బిగించి, మరుగుతున్న నీళ్ళలో అర నిమిషం ముంచి చల్లార్చు, వంపు నిలుస్తుంది. అతుకు పై వైపుకి వచ్చేట్టు దించు, అక్కడ ఎవరూ తొంగి చూడరు. లోతులో ఫ్లేమ్ హోల్డరు (మంట ఆరకుండా నిలిపే చట్రం) 26 గేజి తీగతో వలయాలుగా చేసి, మధ్యలోకి ఆకులు పెట్టు. చీకట్లో కొలత కొంచెం అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు, కానీ వలయాలు కేంద్రం తప్పకూడదు.

ముక్కు బరువు సంగతి ఇక్కడే చూసుకో. మిగ్-21కి ముక్కులో సీసం పెట్టకపోతే తోక మీద కూర్చుంటుంది, నీ కొత్త తీగలూ గొట్టమూ తోక వైపే చేరాయి. ఒంటి సగాలు మూసే ముందు కాళ్ళూ రెక్కలూ టేపుతో తగిలించి, ప్రధాన చక్రాలు తాకే చోట స్కేలు అడ్డం పెట్టి, ముక్కు దిగే దాకా గాలానికి కట్టే సీసం గుళ్ళు చేర్చు. లెక్క తేలాక ఇంకో రెండు గుళ్ళు ఎక్కువ వెయ్యి, రంగు, డెకాళ్ళ బరువుకి. ముక్కులో ఉండే కోన్‌లో పట్టినంత పెట్టి, మిగిలింది కాక్‌పిట్ తొట్టి కింద దాచు.

గాలి వేగం కొలిచే పిటో గొట్టానికి 21 గేజి సూది లోపల 26 గేజి దూరుతుంది: ఒకదాని లోపలి వ్యాసం 0.51, రెండోదాని బయటి వ్యాసం 0.46. ఎఫ్‌ఎల్‌లో ముక్కు పైన సరిగ్గా నడుమ ఉంటుంది, ఎం, బిస్‌లలో కుడికి జరిగి ఉంటుంది. సూదిని కటింగ్ ప్లయర్‌తో కొయ్యకు, మూతి నలిగిపోతుంది. ఆకురాయితో చుట్టూ గాడి పెట్టి విరువు. దీన్ని అన్నింటికంటే చివర అంటించు, పని చేసేటప్పుడు కంట్లో గుచ్చుకునే ఎత్తులోనే ఉంటుంది.

రివెట్ల జోలికి ఈసారి వెళ్ళకు. 3 మిల్లీమీటర్ల రివెట్ తల మన స్కేల్లో 0.06. రివెట్ల కోసం వాడే పళ్ళ చక్రంతో పొడిచిన బెజ్జాలన్నీ అంతకంటే పెద్దవే.

అద్దం దగ్గరకి ఫెవీక్విక్ సీసా కూడా రానీకు, దాని ఆవిరికే పందిరి తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్‌తో అంటించు. ఇతరత్రా వాడిన చోట ఫెవీక్విక్‌ని గంటలోపే అరగదియ్యి. రాత్రంతా వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడి, ఇసుక కాగితం ప్లాస్టిక్‌నే తింటుంది, జిగురు గుట్టలా మిగులుతుంది. వానాకాలంలో లాకర్ రంగు వేస్తే గాల్లో తేమకి తెల్లటి పొర కడుతుంది, పొడి ఎండ ఉన్న రోజు చూసుకో.

పక్క గోడలు అయ్యాక, రంగు వెయ్యకముందే దగ్గర నుంచి ఫోటో తీసి పంపు. బూడిద రంగు కిట్ మీద తెల్ల షీటు ఉన్నప్పుడే తప్పు ఎక్కడుందో చెప్పగలను. రంగు పడ్డాక తెలిసినా పీకి మళ్ళీ చెయ్యడమే.

నీ పెదనాన్న