దూరానికీ నెల నెలా ఒక పద్దు రాయండి

ప్రశ్న: నేను, నా పార్ట్‌నర్ రెండేళ్లుగా వేర్వేరు దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఒకరినొకరం చూసుకుని పది నెలలైంది. డిసెంబర్ 24 నుంచి జనవరి 2 వరకు తనకి సెలవులు. దానికింకా మూడు నెలలుంది. డిసెంబర్ 20న వెళ్లి జనవరి 3న వచ్చేలా చూస్తే టికెట్టే నా నెలన్నర జీతం అవుతోంది. 25న వెళ్లి 9న తిరిగొస్తే నెల జీతం కంటే కాస్త ఎక్కువ. ఈ ప్రయాణానికని నేను దాచింది నెల జీతంలో 70 శాతం. అత్యవసర నిధిలో నాలుగు నెలల ఖర్చులకి సరిపడా ఉంది. ఖర్చులన్నీ పోను నెలకి జీతంలో ఐదో వంతు మిగులుతుంది. తనకి నాకంటే ఒకటిన్నర రెట్లు మిగులుతుంది. సగం ఖర్చు తను పెట్టుకుంటానంటే నాకే మనసొప్పడం లేదు. నిధిలోంచి తీయనా, 12 నెలల ఈఎంఐ పెట్టనా, లేక ఈ ఏడాదికి మానుకోనా?

జవాబు: మానుకోవద్దు, వెళ్లండి. పెళ్లయిన కొత్తలో మేమూ మూడేళ్లు రెండు దేశాల్లో ఉన్నాం కాబట్టి, పది నెలల పాటు మనిషిని ఫోన్‌లోనే చూసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయితే 20న కాదు, 25న వెళ్లండి. నిధిని ముట్టుకోవద్దు. ఈఎంఐ అసలే వద్దు. తను ఇస్తానన్న డబ్బు మాత్రం తీసుకోండి, నా లెక్క ప్రకారం సగం కంటే కాస్త ఎక్కువే.

లెక్క తేలిగ్గా ఉండటానికి మీ జీతం 100 అనుకుందాం. మీరు ముందు చూసిన టికెట్ 150, రెండోది 105. వీసా, ఇన్సూరెన్స్, అక్కడి రాకపోకలు, బయట తిండి, నాలుగు బహుమతులు అన్నీ కలిపి 45 వేసుకోండి. ఉండేది తన ఇంట్లోనే కాబట్టి హోటల్ ఖర్చు లేదు. మొత్తం 150. మీకు నెలకి 20 మిగులుతుంది, తనకి 30. ఖర్చు పంచుకోవాల్సింది ఆ పాళ్లలోనే: మీరు 60, తను 90. మీ దగ్గర 70 ఉంది. అప్పు చేయకుండానే సరిపోయింది, పైన 10 మిగిలింది.

పంచుకునేటప్పుడు జీతాలు కాదు, అవసరాలు తీరాక మిగిలేది చూడమని నేనెప్పుడూ చెబుతుంటాను. జీతం ఎక్కువున్నా అద్దెకే సగం పోయే ఊళ్లో ఉండొచ్చు. తీసుకోవడానికి మనసొప్పడం లేదన్నారు, అర్థమైంది. కానీ టికెట్ మీ పేరు మీద వచ్చినంత మాత్రాన ఆ ఖర్చు మీదే ఎలా అవుతుంది? దూరంగా ఉన్నది ఇద్దరూ. ప్రయాణం చేసేవాళ్లే అంతా భరిస్తూ పోతే రెండో ఏడాదికో మూడో ఏడాదికో ఎక్కడో చిన్న మాట దగ్గర అది బయటపడుతుంది. నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామంది గొడవ మొదలైంది ఇక్కడే.

ఈఎంఐ ఎందుకు వద్దంటున్నానంటే, 150 మొత్తాన్ని ఏడాదికి 18 శాతం వడ్డీతో 12 వాయిదాల్లో కడితే నెలకి దాదాపు 13.75 పడుతుంది. చివరికి 165 కడతారు. మీకు మిగిలేదే 20, అందులో ఏడాది పొడుగునా చేతిలో ఉండేది ఆరు మాత్రమే. ఇప్పుడు మొదలైన వాయిదాలు సరిగ్గా వచ్చే ఏడాది ఇదే సమయానికి అయిపోతాయి, అంటే మళ్లీ టికెట్ కొనాల్సిన నెలకి మీ దగ్గర పెద్దగా ఏమీ మిగలదు, మళ్లీ ఈఎంఐ. ‘వడ్డీ లేని’ వాయిదా అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద పన్ను ఎంతో చూడండి. నెల నెలా వాయిదా కట్టాలన్న సమస్య దానితోనూ తీరదు.

అత్యవసర నిధి సంగతి వేరు. అది ప్రయాణాల కోసం కాదని అందరూ చెప్పేదే. మీలాంటి వాళ్లకి ఇంకో కారణం ఉంది. రేపు తనకి ఒంట్లో బాగోలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే మర్నాడే బయల్దేరాలి. మర్నాటి టికెట్ రేటుకీ మూడు నెలల ముందు రేటుకీ పోలికే ఉండదు. దూరంలో ఉన్న జంట నిధిలో మామూలు ఖర్చులతో పాటు చివరి నిమిషం టికెట్ ఒకటి అదనంగా ఉండాలి. మీ నాలుగు నెలల నిధికి ఇంకా కలపాలే తప్ప తీయకూడదు.

ఇప్పుడు తేదీలు. ఒకే తరగతి సీట్లనే విమాన సంస్థలు చాలా రేట్లుగా విడగొట్టి అమ్ముతాయి. తక్కువ రేటువి కొన్నే ఉంటాయి, అవి అయిపోగానే పై రేటు తెరుస్తారు. పండగకి ముందు వారం వెళ్లేవాళ్లూ జనవరి మొదటి వారాంతంలో తిరిగొచ్చేవాళ్లూ ఎక్కువ, అందుకే ఆ రెండు వైపులా రేట్లు మండుతాయి. 25న, 31న ఎక్కేవాళ్లు తక్కువ. వెళ్లే తేదీ అలాగే ఉంచి తిరుగు తేదీ ఒక్కటే మార్చి చూడండి, తర్వాత అటుది మార్చి చూడండి. భారం ఏ వైపు ఉందో తెలుస్తుంది. 25న వెళ్తే తన సెలవుల్లో మొదటి ఒకటి రెండు రోజులు పోతాయి, నిజమే. జనవరి 3 తర్వాత తను ఆఫీసుకెళ్తారు, మీకు సాయంత్రాలే దొరుకుతాయి. నేనైతే ఆ వారాన్ని నష్టంగా లెక్కవేయను. తను మామూలు రోజు ఎలా గడుపుతారో మీరు పక్కనుండి చూసి ఎంత కాలమైంది?

అయితే మీ సెలవులు ముందే లెక్కపెట్టుకోండి. నెలకి 22 పనిదినాలనుకుంటే జీతం లేని సెలవు ఒక్కోటి 4.5 చొప్పున కోస్తుంది. నాలుగైతే 18. టికెట్‌లో మిగిలిన 45లో అంత పోతుంది. అక్కణ్నుంచే లాప్‌టాప్‌లో పని చేసేద్దామని మాత్రం అనుకోకండి. విజిటర్ వీసా మీద వెళ్లినప్పుడు అలా పనిచేయడం చాలా దేశాల్లో కుదరదు, కొన్ని చోట్ల నియమాలు స్పష్టంగానే ఉండవు. మీ కంపెనీని, ఆ దేశం నియమాలను అడిగి తెలుసుకోకుండా ఆ పని చేయొద్దు.

వీసా కావలసిన దేశమైతే అన్నిటికంటే ముందు అదే. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. ఒక చలికాలం రేటు పెరుగుతోందన్న కంగారులో వీసా రాకముందే డబ్బు తిరిగిరాని టికెట్ కొన్నాను. విమానం వెళ్లిపోయిన నాలుగో రోజు వీసా చేతికొచ్చింది. పాస్‌పోర్ట్ పేజీ మీద ఆ స్టిక్కర్ చూస్తూ మంచం అంచున కూర్చున్నాను, సర్దిన సూట్‌కేస్ ఇంకా తలుపు పక్కనే ఉంది. చార్జీ అంతా పోయింది, అడిగితే విమానాశ్రయ పన్నుల్లో కొంత వెనక్కి ఇచ్చారు. డబ్బు తిరిగిరాని టికెట్ రద్దయినా ఇలాంటి పన్నులు చాలాసార్లు తిరిగొస్తాయి, అడగడం మర్చిపోవద్దు.

ఉదాహరణకి యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమైతే 45 రోజుల దాకా తీసుకోవచ్చు. డిసెంబర్‌కైతే అపాయింట్‌మెంట్ దొరకడమే గండం. కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. పాస్‌పోర్ట్ గడువూ చూడండి: షెంగెన్‌కి మీరు తిరిగి బయల్దేరే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు ఉండాలి, మరికొన్ని దేశాలు ఆరు నెలలు అడుగుతాయి.

తను ఇచ్చే 90 విషయంలో ఒక జాగ్రత్త. అప్లై చేసే ముందు అది మీ ఖాతాలో ఒక్కసారిగా పడితే స్టేట్‌మెంట్ చూసే అధికారికి అనుమానం వస్తుంది. టికెట్ తననే కొనమనండి, లేదా ఇంట్లో ఉంచుకుంటానని, ఫలానా ఖర్చు భరిస్తానని ఆహ్వాన పత్రంలో రాయమనండి. జర్మనీ లాంటి చోట ఆ హామీని అక్కడి అధికారుల దగ్గరే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. వచ్చిన డబ్బు ఎవరిదో దాచిపెట్టడం కంటే చెప్పేయడమే మంచిది.

చవగ్గా ఉన్నాయని రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొనేటప్పుడు జాగ్రత్త. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. సామాను మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి, దాని కోసం మధ్య దేశానికి వీసా కూడా అవసరం పడొచ్చు. మంచు వల్ల విమానాలు ఆగే కాలంలో నేనైతే ఒకే టికెట్ మీద వెళ్తాను. ఇన్సూరెన్స్ టికెట్ కొన్న రోజే తీసుకోండి, ప్రయాణం రద్దయితే ఇచ్చే కవరేజీ సాధారణంగా పాలసీ తీసుకున్నాకే మొదలవుతుంది. పాత జబ్బులేవైనా ఉంటే దాచకుండా రాయండి. కార్డు మెషీన్ ‘మీ దేశపు కరెన్సీలో కడతారా’ అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీయే నొక్కండి. ఆ మార్పిడి రేటు దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయొద్దు, వడ్డీ ఆ రోజు నుంచే పడుతుంది. చలికోటు కొనకండి, తన అలమారాలో ఒకటి అదనంగా ఉంటుంది.

వచ్చే ఏడాది ఈ టెన్షన్ రాకూడదంటే జనవరి నుంచి ఖర్చుల్లో అద్దె, కరెంటు లాగా ‘దూరం’ అని ఒక పద్దు పెట్టండి. నేను సలహా ఇచ్చిన ఒక జంట సరిగ్గా అదే పేరుతో ఇద్దరికీ కనిపించే షీట్‌లో ఒక వరుస పెట్టుకున్నారు, జీతం పడిన రోజే ఇద్దరూ అందులో అంకె వేస్తారు. మీ లెక్కలో డిసెంబర్ ప్రయాణం 150, రద్దీ లేని నెలలో ఇంకోటి 125 అనుకుంటే ఏడాదికి 275. మీ వంతు 110, అంటే నెలకి తొమ్మిది చిల్లర. ఒంటరిగా ఈఎంఐ కడితే నెలకి 13.75 పెట్టినా ఒక్కసారే కలుస్తారు. ఆ రెండోసారి తననే రమ్మనండి, ఎప్పుడూ మీరే వెళ్లాలనేం లేదు.

జనవరి 3 తర్వాత వచ్చే ఏదో ఒక సాయంత్రం, భోజనాలయ్యాక, ఒక కాగితం తీసుకుని కూర్చోండి. ఈ దూరం ఇంకా ఎన్ని చలికాలాలు ఉంటుంది, ఎవరు ఎటు మారతారు అని రాసుకోండి. ఒక్క ఏడాదే అయితే ఆ తొమ్మిది చాలు. మారేది మీరే అయితే ఉద్యోగం దొరికేదాకా గడవడానికి ఆరు నెలల ఖర్చు కావాలి, దానికి వేరే పద్దు వేయాలి. ఆ కాగితం మీద ఏం తేలిందో రాయండి, దాని లెక్క మళ్లీ వేద్దాం.