అంచు చుట్టూ వరుసగా ఉన్న చిన్న బొడిపెలు: భయపడాలా?

శిశ్నం తల అంచు చుట్టూ నొప్పి, దురద లేని సన్నని బొడిపెలు ఏళ్లుగా అలాగే ఉన్నాయని, భయపడాలా అని ఒకరు అడిగారు. ఒక్కోటి 1-2 మి.మీ., అన్నీ ఒకే సైజులో, ఒకటి రెండు వరుసల్లో ఉంటే అవి చాలావరకు పెర్లీ పాప్యూల్స్. జబ్బు కాదు, అంటుకోవు, మందు అక్కర్లేదు. చర్మం సాగదీస్తే బయటపడే లేత పసుపు చుక్కలు ఫోర్డైస్ స్పాట్స్, అంటే నూనె గ్రంథులు. అవీ మామూలే.

పులిపిర్లు వేరేలా ఉంటాయి: గరుకుగా, సైజులో తేడాగా, వారాలు గడిచేకొద్దీ పెరుగుతూ, గుంపు కడతాయి. మధ్యలో చిన్న గుంట ఉన్న నున్నటి బొడిపె అయితే మొలస్కమ్ అనే వైరస్ చర్మవ్యాధి కావచ్చు. మంటతో నీటి పొక్కులు గుంపుగా వచ్చి చితికితే హెర్పిస్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి.

దయచేసి గిల్లకండి. చేతి పులిపిర్లకు వాడే సాలిసిలిక్ యాసిడ్ అక్కడ అస్సలు రాయొద్దు, పలచని చర్మం కాలిపోతుంది.

కొత్తగా వచ్చినా, పెరిగినా, రక్తం కారినా, గజ్జల్లో బిళ్లలు కట్టినా చర్మ, సుఖవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. నొప్పి లేని గట్టి పుండు వస్తే అసలు ఆగొద్దు: సిఫిలిస్ పుండు 3-6 వారాల్లో దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.