ఓడిన మరుక్షణం ఏం చేస్తున్నాడో చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. నెల రోజులుగా ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ పట్టుకున్నాడు. గంటల తరబడి ఒకే శత్రువు చేతిలో చస్తూ, మళ్లీ మొదలుపెడుతూ ఉంటాడు. మొన్న కోపంతో కంట్రోలర్‌ని మంచం మీదికి విసిరేశాడు. అన్నానికి పిలిస్తే ‘ఇప్పుడు ఆపలేనమ్మా’ అంటాడు. ఇంత కష్టమైన ఆట ఈ వయసులో అవసరమా? మాన్పించమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు సంగతులు కలగాపులగం అయ్యాయమ్మా. ఆట కష్టంగా ఉండటం వేరు, వయసుకు తగకపోవడం వేరు. వీడియో గేమ్ ఏ వయసు నుంచి ఆడొచ్చో చెప్పే సంస్థలు ఎల్డెన్ రింగ్‌కి ఐరోపాలో (పెగీ) 16 ఏళ్లు అని, అమెరికాలో (ఈఎస్ఆర్‌బీ) 17 ఏళ్లు అని గుర్తు వేశాయి. ఆ అంకెలు చెప్పేది రక్తం, హింస, మాటతీరు గురించే. ఆట ఎంత కష్టమో అవి చెప్పవు. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆట కూడా వందలసార్లు చచ్చి బతికితేగానీ పూర్తికాదు, దానికి పెగీ ఇచ్చింది ఏడేళ్లే.

కాబట్టి ముందు చూడాల్సింది ఆ బీభత్సం మీవాడికి సరిపడుతుందా లేదా అన్నది. ఇతరుల చేతులు నరికి తన ఒంటికి అతికించుకున్న గాడ్రిక్ అనేవాడు ఒకడుంటాడు ఇందులో. ఆ ఘట్టం పక్కన కూర్చుని చూడండి. పీడకలలు రావడం, ఒంటరిగా పడుకోవడానికి జంకడం ఉంటే ఒక ఏడాది పక్కన పెట్టించండి. అలాంటివేమీ లేకపోతే ఆ ఒక్క ఏడాది తేడా గురించి నేనైతే పట్టుబట్టను.

‘ఆపలేను’ అనడం సాకు కాదు. ఇందులో మెనూ తెరిచినా మామూలుగా ఆట ఆగదు. పెద్ద శత్రువుతో పోరు మధ్యలో బయటికొస్తే అప్పటిదాకా కొట్టింది వృథా, మళ్లీ మొదటినుంచి కొట్టాలి. అయితే ఒక్కో ప్రయత్నం సాధారణంగా కొన్ని నిమిషాల పనే. పది నిమిషాల ముందు చెప్పి, ‘ఈసారి గెలిచినా చచ్చినా లేవాలి’ అని ఒప్పందం చేసుకోండి. ఆ మాట కూడా తప్పితే అప్పుడు తప్పు ఆటది కాదు, వాడిది.

ఇక ఆ కంట్రోలర్. గోడకేసి కొట్టలేదు, మంచం మీదికి విసిరాడు. అంత కోపంలోనూ కొంత లెక్క ఉందన్నమాట! నేను చూసేది ఆ తర్వాతి నిమిషం. ఓడినవాడు ‘కుడివైపు దొర్లి ఉండాల్సింది’ అని గొణుక్కుంటే భయం లేదు, బుర్ర పనిచేస్తోంది. ‘నేను దేనికీ పనికిరాను’ అంటున్నాడంటే మాత్రం ఆట గొడవ కాసేపు వదిలేసి, ఆ మాట ఇంకెక్కడ అంటున్నాడో గమనించండి. చదువు దగ్గరా, స్నేహితుల దగ్గరా అదే మాట వినిపిస్తే ఆట మాన్పించినా అది పోదు. అప్పుడు కౌన్సెలర్‌ దగ్గరికి తీసుకెళ్లాలి. నిద్ర తగ్గినా, తిండి మానేసినా, అంతకుముందు ఇష్టంగా చేసినవన్నీ వదిలేసినా అంతే.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. ఇందులో డబ్బు పోసి బలం కొనుక్కునే అంగడి లేదు. కొట్టలేని శత్రువుని అక్కడే వదిలి, వేరే దారుల్లో తిరిగి, బలం పెంచుకుని వెనక్కి రావచ్చు. మీవాడు అలా వెళ్లొస్తున్నాడా, లేక ఒకే గోడకు తల బాదుకుంటున్నాడా? వాడి మొండితనం ఎలాంటిదో అందులోనే తెలిసిపోతుంది.

ఒకరోజు కొత్త పాత్రతో మొదలుపెట్టించి కంట్రోలర్ మీరు తీసుకోండి. బయటి ప్రపంచంలోకి రాగానే బంగారు కవచంతో ఒక రౌతు కనిపిస్తాడు. తిన్నగా వాడి మీదికి పోతే క్షణాల్లో మిమ్మల్ని చంపేస్తాడు. మీవాడు నవ్వి, ‘వాణ్ణి ఇప్పుడు కొట్టలేవమ్మా, పక్కనుంచి వెళ్లిపో’ అంటాడేమో చూడండి. అన్నాడంటే, రాత్రి పదకొండింటికి వాడు ఓడిన చోటే ఇరుక్కుపోయి ఉన్నప్పుడు అదే మాట వాడికి తిరిగి చెప్పొచ్చు.