పరిచే లేసు వేరు, మోసే సంచి వేరు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సంచి కోసం నువ్వు అల్లిన గ్రానీ స్క్వేర్లు, అదే క్రోషే కొక్కెం సూదితో నడిమి నుంచి చుట్టూ అల్లే నలుచదరం గళ్ళు, ముద్దుగా వచ్చాయి, రంగులు కూడా కుదిరాయి. కానీ రెండో ఫొటోలో నడిమి కన్నంలోంచి నీ చూపుడువేలు అవతలికి వచ్చింది చూడు, నా బెంగంతా అక్కడే. టేబుల్ గుడ్డకి ఆ కన్నమే అందం. సంచికి అదే చిల్లు. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే చేతులకి సన్న నూలు, సన్న సూది అలవాటు. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ ఆ చేతివాటం సంచికి అలాగే తెస్తే నెల తిరక్కుండా సంచి మోకాళ్ళ దాకా సాగుతుంది. నాలుగు కొబ్బరికాయలు, రెండు కిలోల కూరలు వేశాక బరువు ఎక్కడ పడుతుందో ముందే ఆలోచించుకుని అల్లాలి.

నూలు సంగతి ముందు. అక్రిలిక్ ఉన్ని చవగ్గా దొరుకుతుంది, మెత్తగా ఉంటుంది, కానీ బరువుకి సాగుతుంది. సంచికి నూలే. చుట్టు మీద కాగితంలో 4 మిల్లీమీటర్ల సూది అని రాసి ఉన్న నూలు తీసుకుని, నువ్వు మాత్రం 3.5 సూదితో అల్లు. ఆ అర మిల్లీమీటరు తేడాతోనే అల్లిక బిగుస్తుంది. ఎంత కొనాలో అంచనా వెయ్యకు. ఒక గడి అల్లి వంటింటి కాటా మీద తూచు. 11 గ్రాములు వచ్చిందనుకో, 27 గళ్ళకి దాదాపు 300. అతుకులకీ అంచుకీ పట్టీలకీ ఇంకో 120, 130 కలుపు. మొత్తం ఒకేసారి, కాగితం మీద ఒకే లాట్ నంబరు, అంటే ఒకేసారి రంగు వేసిన నూలుకి ఇచ్చే నంబరు, చూసి కొను. అదే ఎరుపు అని తర్వాత తెచ్చిన ఎరుపు పక్కన పెడితే వేరుగా కనిపిస్తుంది. ముదురు రంగులు, ముఖ్యంగా ఎరుపూ నీలమూ, ఒక ముక్క తడిపి తెల్లగుడ్డలో గట్టిగా నొక్కి చూశాకే తెలుపు పక్కన పెట్టు.

27 ఎందుకంటే మూడు తొమ్మిదులు. ముందు వైపు 9, వెనక 9, రెండు పక్కలూ అడుగూ కలిసి ఒకే పొడవాటి వరసలో 9. గడి 11.5 సెంటీమీటర్లు వస్తే సంచి 34.5 వెడల్పు, అంతే ఎత్తు, 11.5 లోతు. పక్కలు లేకుండా 18 గళ్ళతో కూడా కుట్టుకోవచ్చు గానీ అందులో కొబ్బరికాయ పడితే సంచి ఉబ్బి కాలికి తగులుతూ ఉంటుంది. ఆ తొమ్మిదీ అల్లడానికి బద్ధకించకు.

ఇక గడి. నాలుగు చైన్లు (గొలుసు కుట్లు) వేసి చుట్టగా కలుపు. దారాన్ని వేలికి చుట్టి లాగే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది, కానీ నున్నటి నూలైతే కొస సరిగ్గా దాచకపోతే వాడగా వాడగా నడిమి విప్పుకుంటుంది. చుట్టలో మూడేసి నిలువు కుట్లు నాలుగు గుత్తులు, గుత్తికీ గుత్తికీ మధ్య మూల కోసం రెండు చైన్లు. నిలువు కుట్టంటే సూదికి ఒకసారి దారం చుట్టుకుని వేసేది. దీన్నే అమెరికా వాళ్ళు డబుల్ అంటారు, ఇంగ్లండు వాళ్ళు ట్రెబుల్ అంటారు. వీడియో చూసి అల్లేటప్పుడు ఎవరి లెక్కో ముందు తేల్చుకో, లేకపోతే గడి సగం ఎత్తే వస్తుంది. రెండో వరస నుంచి ప్రతి మూలలో మూడు కుట్లు, రెండు చైన్లు, మళ్ళీ మూడు కుట్లు. మధ్య సందుల్లో ఒక్కో గుత్తి. వరసకి నాలుగు గుత్తులు పెరుగుతాయి: 4, 8, 12, 16, 20. ఐదో వరస అయ్యాక ఏ వైపు లెక్కపెట్టినా 5 గుత్తులు, 15 కుట్లు ఉండాలి.

మామూలుగా గుత్తుల మధ్య ఒక చైను వేస్తారు. సంచికి అది మానెయ్యి. ఆ ఒక్క చైనూ తీసేస్తే సందు మూసుకుంటుంది, తాళంచెవి జారదు. మూల చైన్లు మాత్రం రెండూ ఉండాలి. అవి తగ్గితే గడి గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది. అంచు అలలు అలలుగా లేచిందంటే ఎక్కడో ఒక గుత్తి ఎక్కువ పడింది. లాగి సరిచెయ్యాలని చూడకు, విప్పి లెక్కపెట్టు. ఇంకొకటి, ఎప్పుడూ ఒకే వైపు నుంచి అల్లుకుంటూ పోతే గడి నడుమ మెల్లగా పక్కకి తిరుగుతుంది, నలుచదరం కాస్తా ఒరిగిపోతుంది. వరస వరసకీ గడిని తిప్పి అల్లితే నిటారుగా ఉంటుంది.

నూలు కొసలు కత్తిరించి వదిలెయ్యకు. కనీసం పది సెంటీమీటర్లు ఉంచి, మొద్దు సూదితో ఒక వైపు దూర్చి, వెనక్కి తిప్పి ఇంకో వైపు, మళ్ళీ అడ్డంగా దూర్చాలి. ఒకే వైపు దూర్చిన కొస ఉతికినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి వస్తుంది.

ఒక అట్టముక్క మీద 11.5 నలుచదరం గీసి పక్కన పెట్టుకో. పొద్దున్న అల్లిన గడికీ, రాత్రి అలిసిపోయాక అల్లిన గడికీ తేడా వస్తుంది. గడికి 3 మిల్లీమీటర్లు హెచ్చుతగ్గైతే మూడు గళ్ళకి దాదాపు ఒక సెంటీమీటరు, అతికేటప్పుడు మూలలు కలవవు. గళ్ళన్నీ తడిపి, తువ్వాల్లో నొక్కి, థర్మాకోల్ మీద ఆ కొలతకి పిన్నులు గుచ్చి నీడలో ఆరబెట్టు. పిన్నులు తుప్పు పట్టనివి చూసుకో, మన తేమకి మామూలు పిన్ను ఒక్క రాత్రిలో గోధుమరంగు మరక వేస్తుంది. ముసురు రోజుల్లో రెండు రోజులైనా ఆగు. పైకి ఆరినట్టున్నా నడిమి గుత్తులు తడిగా ఉంటాయి, అలాగే మూటకడితే బూజు వాసన పట్టుకుంటుంది.

మన దగ్గర లేసులో అల్లేవాళ్ళు వేరు, అతుకుపని చేసేవాళ్ళు వేరు. అతుకు అంత పెద్ద పని కాబట్టే. సంచి బతికేదీ చెడేదీ అక్కడే. ముందు, వెనక పలకల్లోని గళ్ళని మొద్దు సూదితో చుట్టుకుట్టు వేసి అతుకు. కుట్టు తలమీద జడలా రెండు పోగులు కనిపిస్తాయి కదా, సూది ఆ రెండింటి కిందుగా వెళ్ళాలి. వెనక పోగు ఒక్కటే పట్టుకుంటే చూపుకి సన్నగా, అందంగా ఉంటుంది, బరువు పడ్డాక అదే సాగి జల్లెడవుతుంది. అడ్డం గీతలన్నీ ముందు పూర్తిచేసి, తర్వాత నిలువు గీతలు కుట్టు. నాలుగు మూలలు కలిసే చోట చిన్న కన్నం మిగులుతుంది. అక్కడ నాలుగు మూలల్నీ ఒకే దారంతో చుట్టి దగ్గరికి లాగి వెళ్ళు. తొమ్మిది గళ్ళ వరసని పలకలకి కలిపేటప్పుడు మాత్రం కొక్కెం సూదితో పొట్టి కుట్టు, అంటే సూదికి ముందు దారం చుట్టుకోకుండా వేసేది, వేసి, గట్టు బయటికి వచ్చేలా అతుకు. ఆ గట్టే సంచికి ఎముక.

మూతి చుట్టూ 3 మిల్లీమీటర్ల సూదితో నాలుగు వరసల పొట్టి కుట్టు. గళ్ళు కలిసిన చోట ఒక్కో కుట్టు వదిలేస్తూ పో, అప్పుడు మూతి వెడల్పై వేలాడదు.

పట్టీలు పొడవు వెంట అల్లు. అడ్డంగా, చిన్న చిన్న వరసలుగా అల్లిన పట్టీ రబ్బరులా సాగుతుంది. పది సెంటీమీటర్లకి నీ చేతికి 20 చైన్లు వస్తే, 70 సెంటీమీటర్ల పట్టీకి 140 చైన్లు, ఆపైన పొట్టి కుట్టు వరసలు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు వచ్చేదాకా. దాని వెనక 2.5 సెంటీమీటర్ల నూలు నవారు పెట్టి రెండంచులా కుట్టెయ్యి. బరువు మోసేది నవారు, అల్లిక పైకి కనిపించేది మాత్రమే. పట్టీ చివర్లు పలక మీది రెండు నిలువు అతుకుల మీదికి రావాలి, గడి నడిమికి కాదు. గడి నడుమ వదులుగా ఉంటుంది, అతుకు దగ్గర రెండు గళ్ళ అంచులు కలిసి గట్టిగా ఉంటాయి. చివర్లు 5 సెంటీమీటర్లు కిందికి దించి, పెట్టెలా నాలుగు వైపులా, మధ్యలో అడ్డగీతలతో, లోపలి గుడ్డతో సహా కుట్టు.

ఆ లోపలి గుడ్డ మానకు. కోరా గుడ్డ చాలు, ఒకసారి నానబెట్టి ఉతికి ఆరేశాక 48 సెంటీమీటర్ల వెడల్పు, 84 సెంటీమీటర్ల పొడవు కత్తిరించు. పొడవుని సగానికి మడిచి, పక్కలు ఒక్కో సెంటీమీటరు లోపలికి కుట్టి, కింది రెండు మూలల్నీ త్రికోణంలా లాగి 11.5 అడ్డంగా కుట్టేస్తే అడుగు వస్తుంది. పైన 3 సెంటీమీటర్లు మడిచి మూతికి కుట్టు. ఇలా చేస్తే గుడ్డ అడుగు అల్లిక అడుగుకి సెంటీమీటరు పైనే ఆగుతుంది. అలాగే ఉండాలి. గుడ్డ వదులైతే బరువంతా అల్లిక మీద పడుతుంది.

గంజి పెట్టకు. వానాకాలం మెత్తబడి పురుగుని పిలుస్తుంది. ఉతికాక పట్టీలతో దండెం మీద వేలాడదియ్యకు, నీళ్ళ బరువుకే సాగుతుంది. మంచం మీద తువ్వాలు పరిచి, ఆకారం సర్ది ఆరబెట్టు.

ఎవరికైనా ఇచ్చే ముందు నాలుగు కిలోల బియ్యం వేసి ఒక రాత్రంతా తలుపు కొక్కేనికి తగిలించు. పొద్దున్నే పట్టీ చివర్లూ, నాలుగు మూలలు కలిసిన చోట్లూ వెలుతురుకి పెట్టి చూసి, ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ అత్తయ్య