మర్రి ఆకు రాల్చిందని కంగారుపడొద్దు పాపా

చిరంజీవి పాపకు తిరుపతి నుంచి పెద్దనాయన దీవెనలు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి మరీ చూశాను. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. తొట్టిలో చిన్నగా పెంచుకుంటున్న నీ బోన్సాయ్ మర్రి ఆకంతా రాల్చేసినా, ఇంకా పోలేదనే నా నమ్మకం. ఇది చదివాక చేయాల్సిన పనులు తక్కువ, మానుకోవాల్సినవే ఎక్కువ.

ముందు గోటితో గీకి చూడు. చివరి కొమ్మతో మొదలుపెట్టి మాను వైపుకు రా. పైబెరడు మాత్రమే లేవాలి, లోతుగా గీరొద్దు. కింద పచ్చగా, తడిగా కనిపిస్తే అక్కడ ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ ముక్క ఎండిపోయినట్టు. మర్రికి ఇంకో గుర్తు కూడా ఉంది, బతికున్న చోట గీకితే సన్నగా పాలు ఊరుతాయి. పాలు కనబడిన చోట చిన్న దారం కట్టి పెట్టుకో. ఎండిన కొమ్మలను ఇప్పుడే కత్తిరించకు. కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చెట్టు చూపించాకే కత్తెర పట్టాలి.

ఇక జరిగిందేమిటో విను. నువ్వు దాన్ని హాల్లో ఏసీ కింద పెట్టావు. ఎవరో ఎండ తగలాలి అన్నారని మే నెలలో నేరుగా మిద్దె మీదికి మార్చావు. ఎండ కావాలన్న మాట నిజమే, బోన్సాయ్ ఆరుబయట పెరిగే చెట్టే, టీవీ పక్కన పెట్టుకునే బొమ్మ కాదు. కానీ నీడలో పుట్టిన ఆకు చిత్తూరు ఎండను ఒక్కరోజులో తట్టుకోలేదు. చోటు మారినా, వెలుతురు మారినా మర్రి, జువ్వి, రావి లాంటివి ఉన్న ఆకు వదిలేసి ఆ వెలుతురుకు తగ్గ ఆకు వేసుకుంటాయి. అది వాటి స్వభావం. రావి అయితే ఏమీ చేయకపోయినా మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి చిగురేస్తుంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆకు రాలగానే నువ్వు పొద్దున సాయంత్రం నీళ్లు పోశావు, యూరియా వేశావు, అది చాలదని తొట్టి కూడా మార్చావు. చూడమ్మా, చెట్టు నీళ్లు తాగేది ఆకుల వల్లే. ఆకు లేని చెట్టుకు పోసిన నీళ్లు మట్టిలోనే నిలిచిపోతాయి. వేళ్లకు గాలి అందదు, కుళ్లడం మొదలవుతుంది. నీరసంగా ఉన్న వేళ్లకు యూరియా తగిలితే మాడిపోతాయి. ఎండ దెబ్బకు పోయే బోన్సాయ్ కంటే, ఆ దెబ్బ చూసి మనం కంగారులో చేసే వైద్యానికి పోయేవే ఎక్కువ.

లోతు తక్కువైన తొట్టి గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఏ తొట్టిలోనైనా నీళ్లు కారిపోయాక అడుగున కొంత మందం మట్టి తడిసి ముద్దగానే ఉంటుంది. లోతైన కుండీలో దాని పైన బోలెడు పొడి మట్టి ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. రెండంగుళాల లోతున్న తొట్టిలో ఆ తడి దాదాపు పైదాకా వస్తుంది. పొలంలో ఎర్రమట్టి తెచ్చి నింపితే ఇంకా అన్యాయం, తడిస్తే జిగురు, ఆరితే ఇటుక. అందుకే ఇటుక ముక్కలు, గరుకు ఇసుక, బాగా చివికిన ఎరువు కలుపుకోవాలి. ఇటుక ముక్కలు కందిగింజంత ఉంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం జల్లెడ. దుమ్ము పోయేదాకా జల్లించాలి. ఆ దుమ్మే కిందికి దిగి తొట్టి కన్నాలను మూసేస్తుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇంతే. చెట్టును తూర్పు వైపు వరండాలో పెట్టు, పొద్దుటి ఎండ ఓ గంట తగిలితే చాలు. తొట్టిని సిమెంటు మీద పెట్టకు, చెక్క బల్ల మీద పెట్టు. మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీద అరికాలు మోపలేం, వేళ్లకు కూడా అదే వేడి. తొట్టికి ఒక పక్క కింద ఇటుక ముక్క పెట్టి ఏటవాలుగా ఉంచు, మిగిలిన నీళ్లు ఆ మూలకు చేరి కారిపోతాయి. కాలిపోయిన అగరుబత్తి పుల్లను మట్టిలోకి అడుగుదాకా గుచ్చి పది నిమిషాలాగి తియ్యి. తడిగా వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. ఎరువు వద్దు, మందు వద్దు. వేళ్లెలా ఉన్నాయో అని పైకి లాగి చూడొద్దు. మట్టిలోంచి మురుగు వాసన వస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు నల్లబడి మెత్తబడిన వేళ్లు కోసేయాల్సి ఉంటుంది.

దీనికి వ్యతిరేకం కూడా ఒకటి చెప్పాలి, ఊరెళ్లి వచ్చేసరికి తొట్టి పూర్తిగా ఎండిపోవడం. అలాంటప్పుడు పైనుంచి పోస్తే నీళ్లు అంచుల వెంట జారిపోతాయే తప్ప వేళ్ల ముద్ద తడవదు. తొట్టిని అంచుదాకా నీళ్ల టబ్బులో ముంచు. బుడగలు వస్తూనే ఉంటాయి, అవి ఆగాక బయటికి తియ్యి.

మన వైపు రెండో గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మనకు పెద్ద వానలు అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి మునిగినంత వాన పడితే తొట్లు రోజుల తరబడి తడిలోనే ఉంటాయి. మర్రి, జువ్వి తట్టుకుంటాయి. ఎడారి గులాబీ అని పిలిచే అడీనియం తట్టుకోదు, పైకి బాగానే కనిపిస్తూ లోపల దుంప మెత్తబడిపోతుంది. అల్పపీడనం వార్త వినగానే దాన్ని చూరు కిందికి చేర్చు.

తీగ సంగతి. కొమ్మను కావలసినట్టు వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగను వానాకాలంలో వారానికోసారి చూడు. మర్రి అప్పుడు తొందరగా లావెక్కుతుంది, తీగ బెరడులోకి దిగిపోతుంది. దిగితే చుట్లు విప్పాలని చూడకు, బెరడు లేచిపోతుంది. ఒక్కో చుట్టును కట్టర్‌తో ముక్కలుగా తుంచి తియ్యి. వంచేటప్పుడు కొమ్మ చిట్లితే దాన్ని విరిచి పారేయకు. ఒక పక్క బెరడు అంటుకుని ఉన్నా చాలు, వెంటనే దగ్గరికి చేర్చి అంటు కట్టే టేపుతో బిగించి కదలకుండా ఉంచు. మర్రి గాయం మాన్చుకోవడంలో గట్టిది.

బోరు నీళ్ల వల్ల తొట్టి అంచున తెల్లగా ఉప్పు కడుతుంది. వానపడ్డప్పుడు ఆ నీళ్లు పట్టి నిండుగా పోస్తే కొంత కొట్టుకుపోతుంది. పిండినల్లి, అంటే తెల్లగా దూదిలా అంటుకునే పురుగు, కనిపిస్తే తడి గుడ్డతో తుడిచెయ్యి, ఆకులు వచ్చాక సాయంత్రం పూట లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టు. ఆన్‌లైన్‌లో చూసిన జునిపర్ అనే చలిప్రాంతాల చెట్టు మాత్రం కొనకు. దానికి నిజమైన చలికాలం కావాలి, చిత్తూరులో అది దొరకదు. ఇంకో చెట్టు కావాలంటే చింత పెంచు, కాగితాల పూలు పెంచు, మన నేలకు అలవాటైనవి. శేషాచలం అడవి నుంచి ఎవరైనా మొక్క తవ్వి తెచ్చిస్తామంటే వద్దని చెప్పు, అది నేరం.

ఆకు రాలింది, ఇంటికి అరిష్టం అని మీ అత్తమ్మ గారు బాధపడుతున్నారన్నావు. ఆవిడ మాట కొట్టిపారేయకు. నువ్వు గీకి చూసేటప్పుడు ఆవిడను కూడా పిలిచి ఆ పాలచుక్క చూపించు.

మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడేదాకా ఆగుదాం. చిగురు వచ్చి ఆకు గట్టిపడితే నేనే వచ్చి మట్టి మారుస్తాను, ఇటుక ముక్కలు జల్లించి సిద్ధంగా ఉంచు. ఆగస్టు దాకా చూసినా ఎక్కడా పాలు ఊరకపోతే ఆ మట్టి పారబోసి, తొట్టి కడిగి ఎండబెట్టు. మా వీధిలో పాత ప్రహరీ గోడ పగులులో మొలిచిన మర్రి ఒకటుంది, మొదలు ఇప్పటికే మణికట్టంత ఉంది. ఇంటివాళ్లు తీసేసుకోమన్నారు. వానలు మొదలయ్యాక వేళ్లు తెగకుండా జాగ్రత్తగా తీసి, పెద్ద కుండీలో నాటి నీకోసం ఉంచుతాను.

ఇట్లు
మీ పెద్దనాయన