లిస్టులో పేరొచ్చిన అమ్మాయికి

అమ్మాయీ,

న్యూజిలాండ్ పార్లమెంటు ఎన్నికలకు మీ పార్టీ ప్రకటించిన లిస్టులో నీకు ఏడో స్థానం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం వేసింది. గుంటూరులో మీ అమ్మమ్మ మాత్రం "ఏ నియోజకవర్గం?" అని అడిగి, ఏదీ లేదంటే దిగులు పడిందట. ఆవిడకి సర్దిచెప్పే పని నేను చూసుకుంటాను. ఆక్లాండ్‌లో ఒక చిన్న పార్టీ లిస్టు ఎంపీ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి, నీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు ఓట్ల లెక్క. ఇక్కడ ఒక్కొక్కరికి రెండు ఓట్లు: ఒకటి నియోజకవర్గం అభ్యర్థికి, ఇంకోటి పార్టీకి. పార్టీకి పడిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు వస్తాయి, వాటిలోకి లిస్టులో పైనుంచి వరుసగా వెళ్తారు. అందుకని నువ్వు సభకు వెళ్లేదీ లేనిదీ తేల్చేది పార్టీ ఓటే. దేశం మొత్తం మీద ఐదు శాతం రావాలి, లేదంటే పార్టీ ఒక్క నియోజకవర్గమైనా గెలవాలి. 2008లో న్యూజిలాండ్ ఫస్ట్ అనే పార్టీకి 4.07 శాతం వచ్చినా ఒక్క సీటూ దక్కలేదు. అదే ఎన్నికల్లో 3.65 శాతమే వచ్చిన యాక్ట్ పార్టీ, ఆక్లాండ్‌లోని ఎప్సమ్ నియోజకవర్గం గెలిచిన పుణ్యాన ఐదుగురిని పంపింది. అందుకని తలుపు తట్టిన ప్రతి ఇంట్లో ముందు పార్టీ ఓటు అడుగు, ఆ తర్వాతే నీ పేరు చెప్పు. చిన్న పార్టీల అభ్యర్థులు చాలామంది తమ ఫొటో మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టరు.

ఇంకో సంగతి. ఇక్కడ ఓటు వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. పర్మినెంట్ రెసిడెన్సీ ఉండి, ఎప్పుడైనా ఏడాది పాటు ఏకధాటిగా ఇక్కడ ఉన్నవాళ్లు ఓటరుగా నమోదు కావచ్చు. పోటీ చేయడానికే పౌరసత్వం కావాలి. మనవాళ్లలో "మాకు పాస్‌పోర్ట్ రాలేదు కదా" అని ఊరుకున్నవాళ్లు ఎంతమందో! సాండ్రింగ్‌హామ్ రోడ్డులో కరపత్రాలు పంచేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పు చాలు. వాళ్లు మీకే వేస్తారని కాదు, వాళ్ల హక్కు వాళ్లకి తెలియాలి.

ఇక గెలిచాక. నియోజకవర్గం ఉన్న ఎంపీకి ఒక ఊరు ఉంటుంది, ఆ ఊరికి ఒక బాధ ఉంటుంది. నీకు అవి ఉండవు. నువ్వు పట్టుకున్న అంశమే నీ నియోజకవర్గం అనుకోవాలి. చిన్న పార్టీలో ఒక్కొక్కరి నెత్తిన అరడజను శాఖలు పెడతారు, అన్నింటి మీదా మాట్లాడమంటారు. మాట్లాడు, తప్పదు. కానీ ఒకదాన్ని మాత్రం అధికారులకన్నా నీకే బాగా తెలిసేంతగా చదువు.

స్యూ బ్రాడ్‌ఫర్డ్ సంగతి నీకు తెలియాలి. నిరుద్యోగుల హక్కుల కోసం వీధుల్లో పోరాడిన మనిషి, 1999లో గ్రీన్ పార్టీ లిస్టు నుంచి సభకు వచ్చింది. పిల్లల్ని కొట్టిన తల్లిదండ్రులు "దారిలో పెట్టడానికి తగినంత బలమే వాడాం" అని కోర్టులో చెప్పుకునే వీలు అప్పట్లో చట్టంలో ఉండేది. దాన్ని తీసేయాలని ఆమె బిల్లు పెట్టింది. మంత్రి కాదు, చిన్న పార్టీ, జనంలో ఎక్కువమంది వ్యతిరేకం. మంత్రులు కాని ఎంపీల బిల్లులకు లాటరీ తీస్తారని తెలుసుగా, నంబర్లు వేసిన బిళ్లల్ని ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసి తీస్తారు. ఈ బిల్లు 2005లో అందులోంచే వచ్చింది. ఆమె రెండేళ్లు ఒక్కొక్క పార్టీతో మాట్లాడి ఒప్పించింది. 2007 మేలో 113 ఓట్లు అనుకూలంగా, 8 వ్యతిరేకంగా పడి చట్టమైంది. 2009 రెఫరెండంలో ఓటేసినవాళ్లలో 87 శాతానికి పైగా ఆమెకు ఎదురు తిరిగినా చట్టం నిలబడింది. ఆ ఏడాదే పార్టీ సహనాయకత్వం దక్కక ఆమె సభ వదిలి వెళ్లిపోయింది. సభలో పదేళ్లే ఉన్నా ఆమె చేసిన పని ఇప్పటికీ ఇళ్లల్లో కనిపిస్తుంది. ఆ డబ్బాలో నీ బిళ్ల ఎప్పుడు పైకొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ప్రమాణం చేసేనాటికే నీ బిల్లు ముసాయిదా సిద్ధంగా ఉండాలి.

సెలెక్ట్ కమిటీలో, అంటే బిల్లుల మీద జనం మాట వినే పార్లమెంటు కమిటీలో, జనం మాట్లాడటానికి వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టెయ్. ఐదు నిమిషాల కోసం ఒకరోజు జీతం వదులుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కాగితం వణుకుతుండగా మాట్లాడేవాళ్లని చూశాను. ఎదురుగా ఎంపీ తల వంచుకుని మెసేజ్‌లు చూసుకుంటుంటే వాళ్ల గొంతు మధ్యలోనే ఆగిపోతుంది. వాళ్లు పంపిన కాగితం ముందే చదివి ఒక్క ప్రశ్న అడిగావంటే జన్మలో మర్చిపోరు.

దీపావళికి, ఉగాదికి అందరూ పిలుస్తారు, ఫొటోలు తీస్తారు. వెళ్లు. అయితే పార్టీ నిన్ను పండగలకే వాడుకుంటుంటే మాత్రం గట్టిగా అడుగు. ముంబైలో పుట్టిన మహేశ్ బింద్రా 2014లో న్యూజిలాండ్ ఫస్ట్ లిస్టు నుంచి వచ్చాడు, 2017లో మళ్లీ రాలేదు. లిస్టు సీటు అంత పల్చన. అందుకే ఇప్పటి ఉద్యోగంలో సెలవు పెట్టు కానీ, తెగతెంపులు చేసుకోకు. సభ గడువు మూడేళ్లే, ఆ జీతం చూసుకుని ఇంటి లోను పెంచొద్దు.

చివరగా, లిస్టులో నీ కింద ఉన్నవాళ్ల గురించి. ఈ ఎన్నికల పద్ధతి రావడానికి ఊరూరా తిరిగి పోరాడిన రాడ్ డోనాల్డ్, గ్రీన్ పార్టీ సహనాయకుడు, 2005 నవంబరులో ప్రమాణానికి ముందురోజు నలభై ఎనిమిదేళ్లకే పోయాడు. లిస్టు సీటుకి ఉప ఎన్నిక ఉండదు కాబట్టి లిస్టులో తర్వాత ఉన్న నాండోర్ టాన్‌చోస్ సభలోకి వచ్చాడు. 2008లో టాన్‌చోస్ తప్పుకున్నప్పుడు, ముందున్న ఇద్దరు పక్కకు జరిగి కొత్త సహనాయకుడు రసెల్ నార్మన్‌కి చోటిచ్చారు. అంత పెద్ద మనసు ఊరికే పుట్టదు, ఒకరినొకరు ఏళ్ల తరబడి ఎరిగి ఉండాలి. ఎనిమిదో స్థానంలో ఉన్నవాళ్లకి ఈ వారమే ఫోన్ చెయ్. ఓడినా గెలిచినా వాళ్లతో కలిసి పనిచేయాల్సింది నువ్వే.

ఏ అంశం పట్టుకుంటావో తేల్చుకుని శనివారం మా ఇంటికి రా. వలస కార్మికుల జీతాలు ఎగ్గొట్టే యజమానుల గురించి నా దగ్గర పాత ఫైళ్లు ఉన్నాయి, పనికొస్తాయేమో చూద్దాం.

మీ బాబాయి