గ్యాస్ మాట ఆఖర్న, బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ల చెప్పింది సగమే సమజైంది నాకు, ఎన్క మీ పోరగాండ్ల లొల్లి ఒకటి. మళ్ల పొద్దుగాల మీ చిన్నబాపుతోని మాట్లాడినంక పూర్తిగ తెలిసింది. మీ ఫ్రిజ్‌ల పాలు ఇరుగుతున్నయ్, కూరగాయలు మెత్తబడుతున్నయ్, ఫ్రీజర్ల ఐస్‌క్రీం మాత్రం రాయి లెక్క ఉంటున్నది, ఐస్ మేకర్ల గడ్డలు పడుతలేవు, పడ్డా చిప్పల లెక్క సన్నగ పడుతున్నయ్. ఎవరో మెకానిక్ వచ్చి పది నిమిషాలు చూసి గ్యాస్ అయిపోయింది, మూడున్నర వేలు అన్నడట. ఆగు. పైసలు ఇయ్యకు ఇంకా.

ముప్పై ఏండ్లు హన్మకొండల ఫ్రిజ్ రిపేరు పనే చేసిన కదా, గందుకే చెప్తున్న. ఫ్రిజ్ల గ్యాస్ అనేది బండ్ల పెట్రోల్ లెక్క కాల్చుకునేది కాదు. రాగి పైపులల్ల, కంప్రెసర్ల, అన్ని దిక్కుల అతికేసి మూసిన దాంట్ల అదే గ్యాస్ గుండ్రంగ తిరుగుతనే ఉంటది, ఇరవై ఏండ్లైనా అదే. తగ్గిందంటె యాడనో బొక్క పడ్డదన్నట్టు. ఆ బొక్క యాడున్నదో చూపియ్యకుంట గ్యాస్ నింపుత అనేటోన్ని నమ్మకు, రెండు నెలలకు మళ్ల అదే కథ. ఇంకొక ముచ్చట, గ్యాస్ బాగ తగ్గితె ఫ్రీజర్ గూడ మెత్తబడతది. మీ ఐస్‌క్రీం రాయి లెక్క ఉన్నదంటున్నవ్. మరి గ్యాస్ యాడికి పోయిందో ఆయననే అడుగు.

నా లెక్కల మీకు గాలి ఆగింది. మంచు తనంతల తనే కరగబెట్టుకునే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ల సల్లదనం పుట్టేది ఒక్క ఫ్రీజర్ ఎన్క ఉన్న కాయిల్, అంటె గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట మీదనే, ఆడికెల్లి ఒక చిన్న ఫ్యాన్ సల్ల గాలిని ఇవతలి దిక్కు, అంటె పాలు కూరగాయలు పెట్టే దిక్కు నూకుతది. ఆ కాయిల్ మీద మంచు పేరుకుంటది కాబట్టి కొన్ని గంటలకోసారి హీటర్ ఆన్ అయి కరగబెట్టాలె. ఆ హీటరో, దాని పక్కన ఉండే బైమెటలో (వేడి ఎక్కువైతె హీటర్‌ను ఆపేది), హీటర్‌కు వేళ పెట్టే టైమరో పోయిందనుకో, మంచు కరగది, కాయిల్ మొత్తం గడ్డ కట్టి గాలికి తొవ్వ ఉండది. ఫ్రీజర్ సల్లగనే ఉంటది, ఇవతల పాలు ఇరుగుతయ్. ఫ్రీజర్ల ఎన్క ప్లాస్టిక్ పలక మీద తెల్లగ మంచు పట్టిందా చూడు. పట్టిందంటె నేను చెప్పిందే.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటున్నది. సామాను మొత్తం తీసి పక్కింట్ల పెట్టి, ప్లగ్ పీకి, రెండు తలుపులు బార్లా తెరిచి ఒక దినం మొత్తం వదిలెయ్యుండ్రి, కింద పాత దుప్పట్లు వేసుకోండ్రి నీళ్లు కారుతయ్. తెల్లారి పెట్టి చూడు. నాలుగైదు రోజులు మంచిగ పని చేసి మళ్ల మొదలైతె అది హీటర్ లైన్ తప్పే, ఇంక ముచ్చటే లేదు. ఆ హీటర్ లైన్ సామాను గ్యాస్ కంటె అగ్వకే వస్తది. అట్ల గాక, మొదటి దినం నుంచే సల్లబడకపోతె ఫ్యాన్ చూడాలె. తలుపు తెరిస్తె ఫ్యాన్ ఆగుతది చాన ఫ్రిజ్‌లల్ల, అందుకే తలుపు కాడి స్విచ్‌ను వేలుతోని ఒత్తి పట్టి చెవి పెట్టి విను, గిర్ర్‌మని సప్పుడు రావాలె.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న, ఆ మంచు గడ్డను చాకుతోని గాని స్క్రూడ్రైవర్‌తోని గాని కొట్టకుండ్రి. నేనే షురుల ఒక టీచరమ్మ ఇంట్ల ఒకే తలుపు ఫ్రిజ్ కాడ తొందరపడి చాకుతోని గీకిన, తుస్‌మని సప్పుడొచ్చింది, అల్యూమినియం ప్లేట్‌కు బొక్క. గ్యాస్ మొత్తం పోయింది. ఆ పైసలు మా సేట్ నా జీతంల పట్టుకున్నడు, ఎన్ని నెలలో ఇప్పుడు చెప్పను గాని మీ పెద్దమ్మకు యాదికున్నది.

మీరు దసరాకు మటన్ తెచ్చి ఫ్రీజర్ల కుక్కిన ముచ్చట గూడ యాదికొచ్చింది నాకు. కవర్లు గాలి వచ్చే రంధ్రాలకు ఆనిస్తె ఫ్యాన్ ఎంత తిరిగినా ఏమున్నది. నాలుగు వేళ్ల సందు ఉంచాలె. ఫ్రీజర్ మైనస్ 18 కాడ, ఇవతల 4 డిగ్రీల కాడ ఉంటె సరిపోతది. రెండు తలుపుల ఫ్రిజ్‌లల్ల ఫ్రీజర్ నాబ్ ఎక్కువ తిప్పితె మంచిగుంటదనుకుంటరు, తిరకాసు ఏందంటె కొన్ని మోడళ్లల్ల గాలి అంత ఆడనే ఆగి ఇవతలికి రాదు.

ఇగ ఐస్ మేకర్. ఇది మీదగ్గర అసలు గ్యాస్‌తోని సంబంధమే లేని ముచ్చట, నీళ్లది. మొదలు పక్కనున్న తీగ, లేకుంటె ప్లాస్టిక్ చెయ్యి, కిందికి దిగి ఉన్నదా చూడు. పైకి లేచి ఉంటె డబ్బా నిండిందనుకొని ఐస్ చెయ్యది. పోరగాండ్లు ఐస్ కోసం చేతులు పెట్టి లేపుతరు, నాకు గియ్యాల రేపు గిట్ల వచ్చే ఫోన్లల్ల సగం గదే ఉంటది. అది కాకపోతె నీళ్ల ప్రెషర్. మీరున్నది రెండో అంతస్తు, ట్యాంకు మీ నెత్తి మీదనే స్లాబ్ మీద ఉన్నది కదా. పది మీటర్ల ఎత్తు ఉంటె గాని ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే లెక్క) ప్రెషర్ రాదు బిడ్డా, మీ ట్యాంకు మూడు మీటర్లు ఎత్తుంటె ఎక్కువ, అంటె పాయింట్ మూడు బార్. ఐస్ మేకర్‌కు నీళ్లు వదిలే వాల్వ్ తెరుచుకొని ఆరేడు సెకండ్లే నీళ్లు వదులుతది, అంతలోపల ఐస్ కట్టే కప్పులు నిండవు, గందుకే నీ గడ్డలు చిప్పల లెక్క పడుతున్నయ్. మోడల్‌ను బట్టి ఎంత ప్రెషర్ కావాల్నో ఫ్రిజ్ పుస్తకంల రాసి ఉంటది, తీసి చూడు. కింద ఇంట్ల ఉన్నోళ్లకు ఐస్ మంచిగ పడుతది, మీద ఉన్నోళ్లకు పడది, ఫ్రిజ్‌ను తిడుతరు.

ఆర్వో మిషన్ కాడికెల్లి ఫ్రిజ్‌కు పైపు లాగినం అని గూడ అన్నరు మీ ఆయన. దాని డబ్బాకెల్లి వచ్చే నీళ్లకు బలమే ఉండది. పైపును ఫ్రిజ్ ఎన్క విప్పి ఒక బకెట్‌ల పెట్టి తెరిచి చూడుండ్రి, సన్నటి దారం లెక్క కారితె రోగం దొరికినట్టే. ఆర్వోలల్ల వాడే చిన్న బూస్టర్ పంపు ఒకటి పెట్టిస్తె సరిపోతది. ప్రెషర్ స్విచ్ ఉన్నదే తీసుకోండ్రి, లేకుంటె అది ఆగకుంట తిరుగుతనే ఉంటది. అట్లనే ఫ్రిజ్ నీళ్ల ఫిల్టర్ ఆరు నెలలకోసారి మార్చాలె, మన దిక్కు బోరు నీళ్ల ఉప్పుకు ఇంకా ముందే పూడుకపోతది. ఐస్ కరిగినంక గ్లాసు అడుగున తెల్లటి పొడి కనపడుతున్నదా? అది ఆ ఉప్పే. భయపడకు. కొత్త ఫిల్టర్ పెట్టినంక మొదటి రెండు మూడు దఫల ఐస్ పారబోయుండ్రి.

నీళ్లు మంచిగున్నా గడ్డలు పడకుంటె, లోపల నీళ్లు పోసే సన్న పైపు మొనలోనే గడ్డ కట్టి ఉంటది. ప్లగ్ పీకి దాని మీద హెయిర్ డ్రయ్యర్ దూరంకెల్లి పట్టు, ప్లాస్టిక్ కరిగేంత దగ్గర పెట్టకు.

కరెంటు ముచ్చట గూడ చెప్పాలె. ఎండకాలం మన వరంగల్‌ల సాయంత్రం వోల్టేజ్ పడ్డప్పుడు కంప్రెసర్ లెవ్వలేక టక్కుమని ఆగుతది, నాలుగు నిమిషాలకు మళ్ల టక్కుమంటది. అది గూడ గ్యాస్ అంటరు. కాదు. కరెంటు పోయి వచ్చినంక మూడు నాలుగు నిమిషాలు ఆగి ఆన్ అయ్యే స్టెబిలైజర్ పెట్టుండ్రి, ఎందుకంటె లోపలి ప్రెషర్ సర్దుకోకుంట వెంటనే లేపితె కంప్రెసర్ ఖరాబైతది. వోల్టేజ్ మంచిగుండి కూడ టక్కుమంటె తప్పు కంప్రెసర్ పక్కన ఉండి దాన్ని లేపే రిలేది. దాన్ని తీసి చెవి కాడ ఊపితె గలగలలాడితె లోపల పలిగిపోయినట్టు. ఆ పని మీరు చెయ్యకుండ్రి, మెకానిక్‌కు చెప్పుండ్రి. ఫ్రిజ్ పక్కలు వేడిగ ఉన్నయని గూడ భయపడకుండ్రి, కొత్త వాటిల్ల వేడి వదిలే గొట్టాలు ఆ రేకు ఎన్కనే ఉంటయ్. మీరు మాత్రం మీద గుడ్డ కవర్ కప్పి, దాని అంచులు పక్కలకు వేలాడదీసి, గోడకు ఆనించి పెట్టినరు. తీసెయ్యుండ్రి. గోడకు నాలుగు ఇంచులు జరపండ్రి.

తలుపు రబ్బర్ చూడాలంటె పది రూపాయల నోటు తలుపుల పెట్టి మూసి లాగు. లూజుగ వస్తె ఆడ గాలి పోతున్నట్టు, ముందు గోరువెచ్చటి నీళ్లతోని తుడిచి చూడు. కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలుస్తె, నీళ్లు పోయే బొక్క పూడింది, సిరంజిల వేడి నీళ్లు పట్టి కొట్టు, గంతే.

ఇగ ఆఖర్న గ్యాస్ నిజంగనే పోయిందనుకో. ఫ్రిజ్ ఎన్క స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములో రాసి ఉంటది. ఆర్ 600ఏ అని ఉంటె అది మంటకు అంటుకునే గ్యాస్, మన వంట గ్యాస్ కుటుంబమే, చాన ఫ్రిజ్‌లల్ల వంద గ్రాముల లోపే ఉంటది. కిటికీలు తెరిచి, తూకం మిషన్ మీద తూచి, లీక్ పట్టి, గ్యాస్ పైపుల తేమ పట్టే ఫిల్టర్ డ్రయర్ మార్చి, లోపలి గాలి లాగేసే వాక్యూమ్ పంపు పెట్టినంకనే నింపే వాన్నే పిలువు. తూకం లేకుంట అంచనా మీద కొట్టేటోన్ని గుమ్మం కాడికెల్లే పంపు.

స్టిక్కర్ ఫోటో, ఫ్రీజర్ లోపలి పలక ఫోటో నాకు పంపు. నేను ఐతారం పొద్దుగాల బస్సుకు వస్త, కరెంటు చూసే మీటర్ పట్టుకొని వస్త, అప్పటిదాక ఎవ్వన్ని దాని మీద చెయ్యి వేయనియ్యకు. మీ పెద్దమ్మ మామిడికాయ తొక్కు పంపుతున్నది, అది బయటనే జాడీల ఉంచుండ్రి, ఫ్రిజ్‌ల పెడితె నూనె గడ్డ కడ్తది.

మీ పెద్దబాపు